సంతోషి గిలాస

జూన్ 29, ఆదివారం, పొద్దున తొమ్మిది

లోకానికంతా ఆదివారం అంటే నిద్ర. నాకు మిక్సీ.

చీకటితోనే లేవాలె, తలస్నానం చెయ్యాలె, పసరు తియ్యాలె, ఎండపొడ పడకముందే మా అత్తమ్మ ముంగట పెట్టాలె. కామెర్ల మందు అండాలమ్మ అంటే మన్సూరాబాద్‌ల తెల్వనోళ్లు తక్కువ. నల్లగొండ దిక్కు ఊరిడిశి ఒచ్చి ఎన్నేండ్లో అయింది, ఆమె అత్త నేర్పిన పసరును మాత్రం ఇడువలే. నాగోల్ నుంచి, ఎల్‌బీ నగర్ నుంచి ఆటోలల్ల ఒస్తరు. గేటు బయట చెప్పులిడిశి లైన్ల నిలబడతరు. వాళ్ల పచ్చటి కండ్లు చూస్తే నాకు చాయ్ కూడ తాగబుద్ది కాదు.

అత్తమ్మ కండ్లల్ల పొర ఒచ్చింది. మోకాళ్లు వంగుతలెవ్వు. అందుకని ఆకు తెచ్చుడు, నూరుడు నా డ్యూటీ. పోసుడు ఆమెది. హస్తవాసి ఆమెదంట. నాది ఒట్టి చాకిరి.

ఈ మందుకున్నన్ని రూల్స్ నేను పనిచేసే డయాగ్నస్టిక్ సెంటర్ల కూడ లెవ్వు. పరిగడుపున తాగాలె. మేము పైసలు ముట్టొద్దు. ఆకు పేరు బయట చెప్పొద్దు. ఎవరి గిలాస వాళ్లే ఇంటికాడినుంచి తెచ్చుకోవాలె, తాగినంక మా ఇంట్లనే ఇడిశిపోవాలె, తక్కువైనంక వాళ్లే ఒచ్చి తీస్కపోవాలె. అప్పటిదాంక ఎట్లున్నదని మేము అడగొద్దు, వాళ్ల గడప తొక్కొద్దు. వాళ్లు కూడ మాకు చెప్పొద్దు. అడిగితే మందు విరుగుతదంట. అందుకే మా వంటింటి షెల్ఫ్ మీద ఎప్పుడు చూసినా పరాయోళ్ల గిలాసలే ఉంటయి. నేను తోముకుంట కూసోవాలె.

ఆఖరుది, కడుపుతోని ఉన్నోళ్లకు ఈ మందు పొయ్యొద్దు. వాళ్లను సీదా దవాఖానకు పంపాలె. దీని గురించి అత్తమ్మ ఎన్నిసార్లు చెప్పిందో.

ఇయ్యాల మాత్రం నేనొక పాడుపని చేసిన. మా గల్లీ ఎనక ప్లాట్లల్ల నేల ఉసిరి మస్తు మొలిచేది. (పేరు రాసిన. డైరీ బయటోళ్లు కాదు కద.) జేసీబీ పెట్టి మొత్తం సాఫ్ చేసిన్రు, అపార్ట్‌మెంట్ లేస్తదంట. మూసీ దిక్కు పోయి చూసిన, అక్కడి ఆకు చేత పట్టాలంటేనే రోత. దిల్‌సుఖ్‌నగర్ ఆయుర్వేదం షాపుల ఎండుది దొరుకుతది, అత్తమ్మ ఎండుది ముట్టది. రాత్రంతా వాన. పొద్దుగాల లేసి చూస్తే బయట జనం, ఇంట్ల ఆకు లేదు.

ప్రసన్న నాకు అంటగట్టిన మునగపొడి డబ్బా కనబడ్డది. ప్రసన్న అంటే మా సెంటర్ల బ్లడ్ తీసే పిల్ల. అశ్వగంధ గమ్మీలు, త్రిఫల, అన్నీ న్యాచురల్ అక్కా అనుకుంట అందరికీ అమ్ముతది. నీ జుట్టు ఊడుడు బందైతదక్కా అని ఈ డబ్బా ఇచ్చింది. జుట్టయితే ఊడుతనే ఉన్నది. ఆ పొడిని సల్లల కలిపిన, జీలకర్ర నూరి వేసిన, మిక్సీ తిప్పిన. పచ్చగనే ఒచ్చింది.

అత్తమ్మ చెంబు అందుకొని జరసేపు ఆగింది. నా పానం పోయినంత పనైంది. మల్ల సప్పుడు చెయ్యకుండ పోసుడు మొదలువెట్టింది.

ఈ ఒక్కసారే. ఒట్టు.

జూలై 3, గురువారం

సైదులు ఒచ్చిండు, ఆటో నడుపుతడు, మొన్న లైన్ల ముందు నిలబడ్డాయన. కండ్లు తెల్లబడ్డయంట, ఆకలైతున్నదంట. గిలాస తీస్కొని అత్తమ్మకు దండం పెట్టిండు. మునగాకు! నేను లోపలికి పోయి నోట్ల కొంగు కుక్కుకొని నవ్విన.

జూలై 6, ఆదివారం

ఆడిబిడ్డకు ఆపరేషన్ అయిందని అత్తమ్మ చౌటుప్పల్ పోయింది. పోయేటప్పుడు చెప్పింది, నువ్వే పొయ్యి, నీ చెయ్యి కూడ మంచిదే అని. నా చెయ్యి!

నిన్న పోయి ఆకు వెతకొచ్చు. పోలే. డబ్బా ఉన్నది కద అనుకున్న. సైదులుకు తక్కువ కాలేదా అనుకున్న.

అందరు పోయినంక భాగ్యమ్మ ఒచ్చింది. మా డాబా మీదికెళ్లి చూస్తే వాళ్ల కిరాయిల్లు కనబడతది, మధ్యల ఒక్క గల్లీ. పోచంపల్లి దిక్కోళ్లు. ఎన్కట మగ్గం నేసేటోళ్లు, ఇప్పుడు కొడుకు లింగస్వామి చీరల షాపులకు ఆటో ట్రాలీల మూటలు కొడతడు. ఎంబడి కోడలు సంతోషి. కండ్లు పచ్చగ, మొఖం పచ్చగ. కడుపు ఇంత ముందుకు. ఏడో నెల.

నాకు రూల్ ఎరుకే. నోటిదాంక ఒచ్చింది, అవ్వా కడుపుతోని ఉన్నోళ్లకు పొయ్యం, దవాఖానకు తీస్కపో అని. భాగ్యమ్మ నా రెండు చేతులు పట్టుకున్నది. డాక్టర్ల కాడికి పోతే సూదులు, స్కానింగులు అని పిల్లను ఆగం చేస్తరు బిడ్డా, మీ పసరే మాకు దిక్కు అన్నది. నేనేమనుకున్ననో ఉన్నదున్నట్టు రాస్త. ఇది పసరు కాదు కద, మునగాకు కద, కడుపుతోని ఉన్నోళ్లు తింటే ఇంకా మంచిదే కద, ఒక గిలాస పోస్తే ఏం పోతది, ముసలామె మనసు నిమ్మలమైతది. గంతే అనుకున్న. పోసిన.

సంతోషి మొత్తం తాగింది. మూతి తుడుసుకొని మంచిగున్నదక్కా అన్నది. గిలాస ఇడిశిపోయింది. దాని మీద చెక్కి ఉన్నది, సంతోషి లింగస్వామి అని. పెండ్లికి పెట్టిన గిలాస కావొచ్చు.

జూలై 8, మంగళవారం, లంచ్

తినలే. బాక్స్ అట్లనే ఉన్నది.

పొద్దుగాల వేరే ఎవరిదో రిపోర్టు చూసి మా ఇందిరాదేవి మేడం ఎగిరిపడ్డది. ఆమె పాథాలజిస్టు, విజయవాడ మనిషి, గొంతు పెద్దది. పేషెంట్ ప్రెగ్నెంట్, బిలిరుబిన్ హై, వెంటనే ఫోన్ చెయ్యండి, లైన్ దొరక్కపోతే మనిషిని పంపండి అని అరిచింది. ఫోన్ చేసింది నేనే. వాళ్లు అప్పుడే హాస్పిటల్ కాడ ఉన్నరంట.

నాకు సంతోషి యాదికొచ్చింది. మేడం రూముల పోయి ఊరికెనే అడిగినట్టు అడిగిన, కామెర్లు వాటంతటవే తగ్గుతయి కద మేడం అని. చాలామందికి తగ్గిపోతాయమ్మా, ఆ క్రెడిటంతా ఆకులు కొట్టేస్తుంటాయి అని నవ్వింది. నెలలు నిండుతున్నవాళ్లకి వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఇంట్లో ఉంచకూడదు, మత్తుగా పడుకుంటోందంటే ఇక పరిగెత్తడమే అన్నది. ఎవరికమ్మా, మీ ఇంట్లో ఎవరికైనానా అని అడిగింది.

లేదు మేడం అన్న. ఊరికెనే.

జూలై 8, సాయంత్రం

డాబా మీద నిలబడ్డ. వాళ్ల డాబా మీద బట్టలు ఆరేస్తున్నది సంతోషి కాదు, లింగస్వామి. చీర ఎట్ల ఆరెయ్యాలెనో తెల్వక సగం కింద ఈడుస్తున్నడు.

మా ఆయన మహేందర్‌కు మొత్తం చెప్పిన. దిల్‌సుఖ్‌నగర్ బట్టల షాపుల సేల్స్ చేసి చేసి, ఎవరికైనా నచ్చచెప్పుడు ఆయనకు అలవాటు. మునగాకు అనంగనే ఫక్కున నవ్విండు. సంతోషి పేరు చెప్పంగనే నవ్వు బందైంది. నువ్వు పోయి ఏమన్న అన్నవనుకో, రేపు ఏదన్న అయితే మన మీదికే ఒస్తరు, గమ్మున ఉండు అన్నడు. అడగొద్దని రూలే ఉన్నది కద అన్నడు.

అవును, ఉన్నది. ఆ రూల్‌ను ఇన్నేండ్లు తిట్టుకున్న. ఇయ్యాల దాని ఎనకనే దాక్కున్న.

జూలై 9

ఇయ్యాల కూడ పోలే.

జూలై 10, గురువారం

పాల బూత్ కాడ భాగ్యమ్మ కనబడ్డది. చేతుల చెరుకురసం కవరు. నన్ను చూసి మొఖం అటు తిప్పుకున్నది. కోపం కాదు. పత్యం పాటిస్తున్నది పాపం. నాకు చెప్తే మందు విరుగుతదని ఆమె బుగులు.

అవ్వా అని పిలువనీకి నోరు తెరిసిన. బూత్ ఆయన లీటరా, అర లీటరా అని అడిగిండు. అర లీటర్ అన్న. పాలు తెచ్చుకున్న. ఛీ, నా బతుకు.

ఒక్కటే మాట తిరుగుతున్నది నెత్తిల. అది నిజం పసరైతే నేను పోసేదాన్నే కాదు. కడుపుతోని ఉన్నోళ్లకు వద్దు, దవాఖానకు పో అని అత్తమ్మ చెప్పినట్టే చెప్పి పంపేదాన్ని. ఆదివారమే పోయేటోళ్లు. ఉత్తదని నాకు తెలుసు కాబట్టే, ఏం కాదని పోసిన.

జూలై 11, శుక్రవారం

ఎట్లనన్న రాయాలె.

పొద్దుగాల గిలాసలు తోముతున్న. సంతోషి గిలాస చేతికొచ్చింది. ఆ అక్షరాలు ఏలికి తాకినయి. అక్కడనే సబ్బుచేతులు కొంగుకు తుడుసుకొని ఉరికిన. మా ఆయన ఎనకనుంచి పిలుస్తనే ఉన్నడు.

భాగ్యమ్మ తలుపుకు అడ్డం నిలబడ్డది. రెండు చేతులు చాపి, రాకు, గడప తొక్కకు జ్యోతీ, నీ కాళ్లు మొక్కుత, మందు విరుగుతది అని మొత్తుకున్నది. ఆమెను నూకిన. పెద్దమనిషిని నూకిన. లోపలికి పోయిన.

సంతోషి చాప మీద పడుకొని ఉన్నది. పసుపు పూసినట్టున్నది ఒళ్లంతా. పిలిస్తే కండ్లు తెరిశింది. నన్ను చూసి బస్సొచ్చిందా అని అడిగింది. ఏ బస్సో. మల్ల కండ్లు మూసుకున్నది. నిన్నటినుంచి గిట్లనే నిద్ర పోతున్నది, మందు పనిచేస్తున్నది అనుకున్నమని లింగస్వామి అన్నడు. మందు పనిచేస్తున్నది!

నేను అరిసిన. అది పసరు కాదు, మునగాకు పొడి, నేను అబద్దం పోసిన, లెయ్యి, బండి తియ్యి అని అరిసిన. భాగ్యమ్మ ఇంటలేదు, గడప కాడ కూలబడి తొక్కింది, తొక్కింది అని నెత్తి కొట్టుకుంటున్నది. లింగస్వామి నా దిక్కు ఒకసారి చూసి పెండ్లాన్ని ఎత్తుకున్నడు. మూటలేసే ట్రాలీలనే బొంత పరిసి పండుకోవెట్టినం. ఆమె తల నా ఒడిల. దారిపొడుగునా గుంతలు వానకు నిండినయి, బండి ఎగిరినప్పుడల్ల నేను ఆమె కడుపు మీద చెయ్యి పెట్టిన. లోపల ఏమన్న కదులుతదేమోనని చూసిన.

పెద్ద దవాఖానల డాక్టర్ అడిగిండు, ఇన్ని రోజులు ఏం చేస్తున్నరు అని. నేనే చెప్పిన, నేను మందు పోసిన సార్ అని. ఏం మందు అన్నడు. చెప్పిన. ఆయన రాసుకొని లోపలికి పోయిండు. తిట్టలే.

జూలై 12

బిడ్డ దక్కలే. ఆడపిల్ల.

జూలై 14, సోమవారం

సంతోషి ఇంకా ఐసీయూలనే. డ్యూటీకి పోయొచ్చిన, బిల్లులు కొట్టిన, నెక్స్ట్ అని పిలిచిన. మనిషి ఇట్ల కూడ పనిచెయ్యొచ్చని ఇయ్యాలే తెలిసింది.

అత్తమ్మ ఒచ్చింది. నిన్న జనం ఒస్తే మహేందరే గేటు కాడినుంచి మర్లగొట్టిండని ఇన్నది. వంటింట్లకు ఒచ్చి షెల్ఫ్ మీద ఒక్కొక్క గిలాస తడుముకుంట పోయింది. ఒకదాని మీద ఏలు ఆగింది. ఇది ఎవరిది అన్నది. సంతోషిది అన్న. భాగ్యమ్మ కోడలా, కడుపుతోని ఉన్నది కద అన్నది. ఉన్నది అన్న. ఇప్పుడు ఎట్లున్నది అన్నది. అప్పుడు నాకు ఏడుపాగలే.

కింద కూసొని మొత్తం చెప్పిన. అది పసరు కాదత్తమ్మా, రెండు వారాల సంది మునగాకు పోస్తున్న అన్న. నన్ను తిడతది, కొడతది అనుకున్న. ఆమె కూడ కింద కూసున్నది, ఆ మోకాళ్లతోని. వాసన నాకు తెల్వదా పిల్లా అన్నది. చెంబు అందుకున్నప్పుడే తెలిసిందంట. లైన్ల అందరు చూస్తుండంగ ఇది మందు కాదని ఎట్ల చెప్పాలె, ఇన్నేండ్ల ఇజ్జత్ పోతదనుకున్న, లోపలికి ఒచ్చినంక నువ్వే చెప్తవనుకున్న, నువ్వు చెప్పలే నేను అడగలే అన్నది.

ఇద్దరం గోడకు ఆనుకొని కూసున్నం. స్టవ్ ముట్టియ్యలే. మహేందర్ ఒచ్చి బయటినుంచి ఇడ్లీలు తెచ్చిండు.

జూలై 20, ఆదివారం

బోనాలు. గల్లీల డప్పులు. గేటు తియ్యలే. సంతోషి వార్డుకొచ్చిందని సైదులు చెప్పిండు. గండం తప్పిందంట. దేవుడి గూటి ముంగట నిలబడ్డ, దండం పెట్టనీకి చేతులు లేవలే.

జూలై 24, గురువారం

సంతోషి ఇంటికొచ్చింది. పొద్దుగూకే యాల్లకు భాగ్యమ్మ మా ఇంటికొచ్చింది, కొబ్బరికాయ పట్టుకొని.

ఆమె అన్న మాటలు అన్నట్టే రాస్త, ఎందుకంటే రేపు నాకే నమ్మబుద్ది కాదు. మీ పసరు నా కోడలిని బతికిచ్చింది అండాలమ్మా, దవాఖానోళ్లు కూడ ఆశ లేదన్నరు, లోపల మీ మందు ఉండబట్టే పానం నిలబడ్డది అన్నది. కొబ్బరికాయ అత్తమ్మ కాళ్ల కాడ పెట్టింది. మల్ల నా దిక్కు తిరిగింది. నీ మీద నాకు కోపం లేదు బిడ్డా, ప్రేమతోనే ఒచ్చినవ్, కానీ నువ్వు గడప తొక్కకుంటే నా మనమరాలు కూడ దక్కేది అన్నది.

నేను చేసిన తప్పుకు కొబ్బరికాయ. చేసిన ఒక్క మంచిపనికి నింద.

ఉండబట్టలేక చెప్పిన. అవ్వా, అది పసరే కాదు, మునగాకు, మందుల లెక్కనే కాదు, ముందుగాల దవాఖానకు పోతే ఇద్దరు దక్కేటోళ్లేమో, నా వల్లనే ఆలస్యమైంది అన్న. డబ్బా తెచ్చి చూపిచ్చిన. లేబుల్ చదివిన. ఆమె నా చెయ్యి మీద తట్టింది. మీరు ఆకు అసలు పేరు చెప్పరు, మాకు ఎరుకే, అడుగుతలేము కూడ అన్నది. కండ్లు తుడుసుకొని పోయింది.

జూలై 27, ఆదివారం

గేటు తీసిన. ఎనకటికంటె ఎక్కువ మంది. చచ్చే మనిషిని బతికిచ్చిన్రంట అని ఉప్పల్ దాంక పోయిందంట ముచ్చట.

చెప్పిన. చెప్పుడు కాదు, మొత్తుకున్న. మా కాడ ఆకు లేదు, మొన్న పోసింది మునగాకు, మీరంతా దవాఖానకు పోండ్రి అన్న. కొందరు నవ్విన్రు. కొందరు చేతులు కట్టుకొని నిలబడ్డరు. ఒకాయన అమ్మా పరీక్ష పెడుతున్నరా అన్నడు. ఒక్కరు కదలలే. ఒకామె చంకల పిల్లగాడు, ఆ పిల్లగాని కండ్లు చూసి నాకు కోపం మండింది, ఆమె మీద కాదు.

నోట్లనుంచి ఎట్లొచ్చిందో తెల్వదు. అయితే కొత్తగ ఒక పత్యం ఉన్నది అన్న. ముందుగాల డాక్టర్‌కు చూపిచ్చుకోవాలె, రక్తపరీక్ష చేపిచ్చుకోవాలె, డాక్టర్ ఇచ్చిన గోలీలు బందువెట్టొద్దు, ఆ కాయిదం తెచ్చినోళ్లకే ఇస్త, అది లేకుంట తాగితే మందు విరుగుతది అన్న. కడుపుతోని ఉన్నోళ్లు ఈ గేటు కాడ నిలబడితేనే విరుగుతది, సీదా దవాఖానకే పోవాలె అన్న.

ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. ఈ పత్యం ఎన్నడు ఇనలేదే అన్నది ఒకామె. అప్పుడు కుర్చీలనుంచి అత్తమ్మ గట్టిగ అన్నది, పాతదే, మా అత్త ఉన్నప్పుడు కూడ ఉండె, నేనే మర్శిపోయిన అని.

చెప్పులేసుకొని పోయిన్రు. అందరు. పిల్లగాన్ని ఎత్తుకున్నామె ఉరికినట్టే పోయింది. నిజం చెప్తే నిలబడ్డోళ్లు, అబద్దానికి కదిలిన్రు. సంబురపడాలెనా ఏడ్వాలెనా తెల్వలే. కాయిదాలు తెచ్చినోళ్లకు ఏం పోస్తవ్ అని అత్తమ్మ అడిగింది. ఉత్త సల్ల అన్న. ఉప్పు తక్కువెయ్యి అన్నది.

ఆగస్టు 3, ఆదివారం

జనం పోయినంక సంతోషి ఒచ్చింది. ఒక్కతే. చీర వేలాడుతున్నది ఒంటి మీద. గేటు బయటనే నిలబడ్డది.

అది మునగాకేనా అక్కా అని అడిగింది.

అవును అన్న.

నమ్మింది.

లోపలికి ఉరికి గిలాస తెచ్చిచ్చిన. తీస్కోలే. నీ కాడనే ఉండనీ అన్నది, పోయింది.